సముద్రానికి జ్వరం చూసినవాడు

చలమయ్యకు ఈత రాదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా రోజుకు రెండు పూటలు సముద్రం మీదకు వంగే మనిషికి ఈత రాదంటే రేవులో ఎవరూ నమ్మరు. కానీ ఆయన చీపురుపల్లి అవతల ఒక మెట్ట ఊళ్ళో పుట్టినవాడు. వాళ్ళకు నీళ్ళంటే నూతిలో నీళ్ళు, లేదంటే వానొచ్చినప్పుడు గట్టు పక్కన నాలుగు రోజులు నిలిచే నీళ్ళు. తండ్రికున్న ఎకరమున్నర ముగ్గురు అన్నదమ్ములకు చాలక విశాఖపట్నం వచ్చాడు. రెండేళ్ళు గూడ్సు షెడ్డులో మూటలు మోశాడు. 1993 జూన్‌లో, సముద్రాన్ని పరిశోధించే ఒక ఆఫీసులో కాంట్రాక్టు మీద అటెండరుగా కుదిరాడు. అప్పటికి ఇరవయ్యారేళ్ళు.

ఆ పని ఏమిటో చెబితే ఎవరైనా నవ్వుతారు. ఉదయం ఆరున్నరకోసారి, మధ్యాహ్నం రెండింటికోసారి పాత జెట్టీ చివరికి వెళ్ళాలి. తాడు కట్టిన గుడ్డ బకెట్టును నీళ్ళలోకి వదిలి, కాసేపు ముంచి ఉంచి పైకి లాగాలి. దాన్ని నీడలో పెట్టి థర్మామీటరు ముంచి మూడు నిమిషాలు ఆగాలి. పాదరసం ఎక్కడ నిలిచిందో, కన్ను సరిగ్గా దాని మట్టానికి వంచి చూసి పుస్తకంలో రాయాలి. మధ్యలో ఖాళీగా ఉన్న వేళ ల్యాబులో గాజుసీసాలు కడగాలి. ఇంతే. ఎండాకాలం జెట్టీ కాలుతుంది, వానాకాలం జారుతుంది, తుపానుకు ముందురోజు తాడు చేతిలోంచి లాక్కుపోతుంది. ఏ రోజైనా అంకె మాత్రం పుస్తకంలో పడాలి.

రేవులో వాళ్ళు ఆయనకు జ్వరం చలమయ్య అని పేరు పెట్టారు. సముద్రానికి రోజూ జ్వరం చూస్తాడు గనక. ఆ పేరు పెట్టినవాడు జగ్గయ్య. తెప్ప మీద గాలం వేసుకుని బతికే ముసలి జాలరి. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేకపోయినా ముప్పై ఏళ్ళుగా బావా అంటే బావా అనుకుంటారు.

2024 ఏప్రిల్ తొమ్మిదో తారీఖున ఉదయం చలమయ్య పాదరసం చూసి, కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచి, మళ్ళీ చూశాడు. ముప్పై పాయింటు నాలుగు. ఆ తేదీల్లో ఇరవై ఎనిమిది, మహా అయితే ఇరవై ఎనిమిదిన్నర ఉండాలి. థర్మామీటరు పాడైందేమోనని ఆఫీసుకు వెళ్ళి ఇంకోటి తెచ్చి ముంచాడు. అదీ అంతే చెప్పింది. మర్నాడు ముప్పై పాయింటు అయిదు. వారం తిరిగేసరికి ముప్పై పాయింటు తొమ్మిది. ఎండలు ముదిరితే గాలి వేడెక్కుతుంది, అది ఎవరికైనా తెలుసు. నీళ్ళు అలా కాదు. నీళ్ళు మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారతాయి. రెండు డిగ్రీలంటే నీళ్ళకు చాలా ఎక్కువ. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. రాసి రాసి తెలిసిందే.

అప్పటికి చేపల వేట నిషేధం రోజులు మొదలై మోటారు బోట్లన్నీ కట్టేసి ఉన్నాయి. జగ్గయ్య తెప్ప ఒడ్డుకు లాగుతూ అడిగాడు.

“ఎంతున్నాది బావా జ్వరం?”

“ముప్పై దాటీసి వారమైపోనాది.”

“నీకు ఆ గాజుగొట్టం సెప్తే గానీ తెలవదు. నాకు కాలెడితే తెలిసిపోనాది. ఏకువనైనా సల్లగుండాలి గదా, కుడితిలాగున్నాది. కవ్వళ్ళ సేపలు ఒక్కటీ పైకి రాటం నేదు. కిందకి దిగిపోనాయి. నా గాలం అంత లోతుకి అందదు.”

జెట్టీ కింద రాళ్ళను పట్టుకుని ఉండే ఆల్చిప్పలు నోళ్ళు తెరుచుకుని చచ్చి ఉన్నాయి. ఆ వాసన రెండు వారాలు పోలేదు.

ఆఫీసులో ఈ అంకెలు మొదట చూసింది హిమబిందు. దువ్వాడ అమ్మాయి. ముప్పై ఏళ్ళుంటాయి. సైంటిస్టుగా చేరి రెండేళ్ళయింది. అంతకు ముందున్న వాళ్ళు చలమయ్య పుస్తకాన్ని నెలకోసారి తెరిచి సంతకం పెట్టి మూసేవారు. ఆమె మాత్రం పుస్తకం పట్టుకుని ల్యాబులోకి వచ్చి, ఆయన సీసాలు కడుగుతున్న సింకు పక్కన నిలబడింది.

“దీన్ని మెరైన్ హీట్ వేవ్ అంటారు చలమయ్య గారూ. సముద్రానికి వడగాడ్పు తగలడం అనుకోండి.”

“వడగాడ్పంటే గాలి గదా మేడమ్. నీటిలో గాలేటుంటాది?”

“గాలి కాదు. వేడి వచ్చి కదలకుండా కూర్చుంటుంది. ఫలానా తేదీన ఇక్కడి నీళ్ళు ముప్పై ఏళ్ళుగా ఎంత వేడిగా ఉంటున్నాయో చూస్తాం. పదేళ్ళలో తొమ్మిదేళ్ళు నీళ్ళు ఏ గీత దాటలేదో ఆ గీత గీస్తాం. దానికి పైన వరసగా అయిదు రోజులుంటే వడగాడ్పు కిందే లెక్క. అయితే ఆ గీత గియ్యాలంటే పాత అంకెలుండాలి. శాటిలైట్లు ఒడ్డు దగ్గర తడబడతాయి. చాలా రేవుల్లో ఇలా రోజూ చూసి రాసినవాళ్ళు లేరు. ఇక్కడ మీరున్నారు.”

చలమయ్య తడిచేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు. ఆ మాట వినగానే సంతోషం కలగాలి. కలిగింది కూడా. కానీ దాని వెనకే బీరువాలో ఉన్న పాత పుస్తకం ఒకటి గుర్తొచ్చింది.

ఇనప బీరువాలో ముప్పై ఒక్క పుస్తకాలున్నాయి. మూడు వారాలపాటు ఆయన చదువుతుంటే ఆమె కంప్యూటరులోకి ఎక్కించింది. తేమకు కొన్ని పేజీలు అంటుకుపోయాయి. వాటిని బ్లేడుతో మెల్లగా విడదీశారు. ఫ్యాను తిరుగుతున్నా గది ఉడికిపోయేది. ఉదయం రీడింగు, తర్వాత చదవడం, మధ్యాహ్నం రీడింగు, మళ్ళీ చదవడం. సాయంత్రానికి గొంతు పోయేది. యాభై ఏడేళ్ళ మనిషి, పైగా చక్కెర జబ్బు. అయినా ఆ పని ఇంకెవరికీ ఇవ్వనివ్వలేదు. ఆ అంకెలు తన చేతిరాత, తనకే తెలుస్తాయన్నాడు.

తొంభై ఎనిమిది పుస్తకం తెరిచిన రోజు కూడా ఆయనే చదివాడు.

“మే నాలుగు. ఉదయం ఇరవై తొమ్మిది పాయింటు రెండు. మధ్యాన్నం ఇరవై తొమ్మిది పాయింటు ఆరు. మే అయిదు...”

ఎక్కడా తడబడలేదు. అదే ఆయనకు ఆశ్చర్యం కలిగించింది. జూన్ పదిహేను దాకా చదివి మంచినీళ్ళు తాగాడు.

వారం తర్వాత హిమబిందు కంప్యూటరు ఆయన వైపు తిప్పింది. ఏడాదికో రంగు గీత, ముప్పై గీతలు ఒకదాని మీద ఒకటి. ఆమె ముఖం వెలిగిపోతోంది.

“ఇది చూడండి. తొంభై ఎనిమిది వేసవిలో హిందూ మహాసముద్రం చాలామేర వేడెక్కిపోయింది. లక్షద్వీపాల్లో, అండమాన్‌లో పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి. మన దగ్గర చూడండి, మామూలే. ముందు ఏడాది గీతకూ దీనికీ తేడానే లేదు. చుట్టూ కాలిపోతుంటే మన ఒడ్డు ఎందుకు చల్లగా ఉంది? అడుగునించి చల్లటి నీరు పైకొచ్చి కాపాడిందా? అది తెలిస్తే ఇప్పుడు ఎందుకు కాపాడలేదో కూడా తెలుస్తుంది. దీని మీదే పేపరు రాస్తున్నాను. అందులో మీ పేరు కూడా ఉంటుంది.”

చలమయ్య ఆ రెండు గీతల్నీ చూశాడు. నిజమే, తేడా లేదు. ఉండదు కూడా.

“మంచిది మేడమ్,” అని రెండింటి రీడింగుకు లేచి వెళ్ళాడు.

తొంభై ఎనిమిది మే నాలుగున ఆయన భార్య గౌరీశ్వరిని పెద్దాసుపత్రిలో చేర్చారు. ఏడో నెల కడుపు. పచ్చకామెర్లు ముదిరి మనిషి స్పృహలో లేదు. ఊరినుంచి రావడానికి అప్పుడు ఎవరికీ వీలుపడలేదు. ఆసుపత్రిలో రక్తం కావాలన్నా, మందు తేవాలన్నా, దుప్పటి మార్చాలన్నా ఆయనే. అంతకు ముందు ఏడాది ఆఫీసులో ఇంకో కాంట్రాక్టు మనిషి జబ్బు చేసి వారం రాకపోతే అతని చోట వేరేవాణ్ణి పెట్టుకున్నారు. అది చలమయ్య కళ్ళారా చూశాడు. అందుకని మొదటి రోజు సాయంత్రం ఆఫీసుకు పరిగెత్తి, కొత్త పుస్తకంతో పాటు తొంభై ఏడు పుస్తకం కూడా సంచిలో వేసుకుని ఆసుపత్రికి తెచ్చుకున్నాడు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, ముందు ఏడాది అదే తేదీన ఏముందో చూసి, ఒక పాయింటు పెంచి ఒకసారి, ఒక పాయింటు తగ్గించి ఒకసారి రాశాడు. మూడు రోజులకోసారి సాయంత్రంపూట ఆఫీసులో కనిపించి వచ్చేవాడు. ఎవరికీ అనుమానం రాలేదు. అంకెలు అంత మామూలుగా ఉన్నాయి మరి.

పదో రోజున బిడ్డ చచ్చి పుట్టింది. ఆడపిల్ల. అప్పుడూ రాశాడు. ఇరవై తొమ్మిది పాయింటు అయిదు.

మే ఇరవై మూడు, శనివారం. ఆ ఉదయం గౌరీశ్వరి తనంతట తాను గ్లాసు పట్టుకుని గంజి తాగింది. పక్క మంచం ఆవిడకు ఆమెను ఒప్పజెప్పి చలమయ్య జెట్టీకి పరిగెత్తాడు. ఒక్క రోజైనా ఉన్నదున్నట్టు రాద్దామని. బకెట్టు లాగి చూస్తే ముప్పై ఒకటి పాయింటు రెండు. అంత ఎప్పుడూ చూడలేదు. నిన్న ఇరవై తొమ్మిదిన్నర రాసి ఇవాళ ముప్పై ఒకటి రాస్తే ఎవరైనా అడుగుతారు. అడిగితే అన్నీ బయటికొస్తాయి. పుస్తకం తెరిచి ఇరవై తొమ్మిది పాయింటు ఆరు రాశాడు. చూడకుండా రాసిన రోజులకన్నా, చూసి మార్చిన ఆ ఒక్క రోజే ఆయన్ని ఎక్కువ పట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు అదీ సద్దుమణిగింది. కూతురు ఇంద్రజ పుట్టింది, పెరిగింది, పెళ్ళై గాజువాకలో కాపురముంది. ఆ పుస్తకం బీరువాలో ఉండిపోయింది.

హిమబిందు గీతలు చూపించిన రోజు సాయంత్రం ఆయన కంచరపాలెంలో ఇంటి గుమ్మంలో కూర్చున్నాడు. కరెంటు పోయింది. లోపల ఉక్కగా ఉందని గౌరీశ్వరి కుట్టుపని బయటికి తెచ్చుకుని, వెలుగున్నంతసేపు జాకెట్లకు హుక్కులు కుడుతోంది. పట్టాల మీద బొగ్గు గూడ్సు ఒకటి ఎంతకీ తరగకుండా పోతోంది. అది వెళ్ళిపోయాక చెప్పాడు. ఇరవయ్యారేళ్ళలో ఆమెకు ఆ సంగతి చెప్పడం అదే మొదలు.

ఆమె సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

“నా కోసం రాసేవా?”

“ఉజ్జోగం కోసం రాసేను.”

“అప్పుడు రెండూ ఒకటే గదా మావా.” జాకెట్టు మడతపెట్టి మళ్ళీ అంది. “అంటే ఆ పుస్తకం సూసినోళ్ళకి ఆ నలభై రోజులూ ఏటీ జరగనట్టే ఉంటాది.”

“అవును. పైగా ఆ మేడమ్ దాని మీద పేపరు రాత్తంది. సల్లగా ఎందుకున్నాదని ఎతుకుతంది.”

“లేనిదాన్ని ఎన్నాళ్ళని ఎతుకుతాది పాపం. సెప్పీ.”

“ఉజ్జోగం పోతాది.”

“పోతే పోనీ. నీకు మాత్తరం ఓపికేటున్నాది ఇంక. మెట్లెక్కితేనే రొప్పుతన్నావ్.”

మర్నాడు ఉదయం రీడింగు ముప్పై ఒకటి పాయింటు ఒకటి. అది రాసి, సీసాలు కడక్కుండా, తిన్నగా హిమబిందు గదికి వెళ్ళి నిలబడే చెప్పాడు. ఆమె కూర్చోమంది గానీ కూర్చోలేదు. ఆసుపత్రి, తొంభై ఏడు పుస్తకం, ఒక పాయింటు పెంచడం, ఒక పాయింటు తగ్గించడం, అన్నీ వరసగా చెప్పాడు. చెప్పడం అయ్యాక ఆమె కంప్యూటరు మూసింది.

“ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా?”

“మే నాలుగు నుంచి జూన్ పదిహేను. నలభై మూడు రోజులు మేడమ్. నలభై రెండు సూడకుండా రాసినవి. ఒకటి సూసి మార్చినాది.”

“మిగతావి?”

“మిగతావన్నీ సూసినవే.”

“అది నేనెలా నమ్మను?” ఆమె గట్టిగా అనలేదు. నిజంగానే అడిగింది. చలమయ్య తనకు తెలిసిన ఒక్కటీ చెప్పాడు.

“మే ఇరవై మూడున ముప్పై ఒకటి పాయింటు రెండున్నాది. అది నా కళ్ళతో సూసేను. ఆ వొక్కటీ వేసుకోండి.”

“ఇరవయ్యారేళ్ళ తర్వాత గుర్తున్న అంకెను లెక్కలో వేసుకోలేను చలమయ్య గారూ. మీరు చెప్పేది నిజమే అయినా సరే.”

అది న్యాయమేనని ఆయనకు తెలుసు. తెలిసినా, ఆ మాట ఉద్యోగం పోవడం కన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఆఫీసరు తిరుమలరావుకు ఇంకో ఆర్నెల్లలో రిటైర్‌మెంటు. సంగతంతా విని నుదురు నొక్కుకున్నాడు.

“ఇన్నేళ్ళు ఊరుకున్నవాడివి ఇప్పుడెందుకు చెప్పావయ్యా? ఇప్పుడు నేను పైకి రాయాలి. రాస్తే వాళ్ళు ముప్పై ఏళ్ళదీ పనికిరాదంటారు. నలభై రోజులు అబద్ధమైతే మిగతాది నిజమని గ్యారంటీ ఏమిటంటారు. కాదని నేనేం చెప్పను?”

“నాను సేసినదానికి నన్ను తీసీండి సార్. పుస్తకాల్ని మాత్తరం తీసీకండి.”

తిరుమలరావు జరిగింది కాగితం మీద రాసిమ్మన్నాడు. చలమయ్య ఒక పేజీ రాసి సంతకం పెట్టాడు. రెండు రోజులు ఆఫీసులో ఆయనతో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. హిమబిందు అసలు మాట్లాడలేదు. ఆయన మాత్రం రెండు పూటలా జెట్టీకి వెళ్ళి వస్తూనే ఉన్నాడు. ఎవరూ వద్దనలేదు గనక.

మూడో రోజు ఆమె వచ్చింది. భీమిలి అవతల ఒక రొయ్యపిల్లల హేచరీ ఉందని, తొట్లలోకి ఎక్కించే సముద్రపు నీళ్ళ వేడి వాళ్ళు రోజూ రాసుకుంటారని తెలిసిందట. ఆ అంకెలూ ఈ అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోతుందని ఆమె ఆలోచన. మధ్యాహ్నం రీడింగు ఆ ఒక్క రోజుకు ఇంకో అటెండరుకు ఒప్పజెప్పి, చలమయ్య పుస్తకాలను రెండు గోనెసంచుల్లో మోసుకుని ఇద్దరూ బస్సులో వెళ్ళారు.

హేచరీ సూపర్‌వైజరు శ్రీరామ్మూర్తి లుంగీ పైకి కట్టుకుని తొట్టి కడిగిస్తున్నాడు. అడుగున రొయ్యపిల్లలు తెల్లటి నూకలా పేరుకుని ఉన్నాయి. అన్నీ చచ్చినవే.

“నీళ్ళు ఏడెక్కితే రోగం తొందరగా అంటుకుంటాదండి,” అన్నాడు. “నెల రోజుల్లో ఇది మూడో తొట్టి. మోటారు పెట్టి నీళ్ళు తెచ్చుకున్నాం, ఐసు ఏసేం, పైన గుడ్డలు కట్టేం. సముద్రవే ఏడిగా ఉంటే ఎక్కడినించి సల్లదనం తేగలం?”

పుస్తకాలు అడిగితే చూపించాడు. తొంభై ఆరు నుంచి రాశారు గానీ, హుద్‌హుద్ తుపానుకు షెడ్డు కప్పు లేచిపోయి పాతవన్నీ తడిసి ముద్దైపోయాయి. రెండువేల మూడు నుంచే మిగిలాయి.

చలమయ్య ప్రాణం ఉసూరుమంది. తొంభై ఎనిమిది సంగతి ఇక ఎక్కడా తేలదు.

ఆ రోజు ఉదయం పది నుంచి చీకటి పడబోయే దాకా షెడ్డులో కూర్చున్నారు. హిమబిందు ఇష్టమొచ్చినట్టు ఒక తేదీ అనేది. శ్రీరామ్మూర్తి తన పుస్తకంలోది చదివేవాడు, చలమయ్య తన పుస్తకంలోది చదివేవాడు. ఆమె రెండూ రాసుకునేది. మొదట్లో ప్రతి తేదీకీ చలమయ్య గుండె కొట్టుకుంది. హేచరీ గొట్టం కాస్త లోతునుంచి నీళ్ళు లాగుతుంది కాబట్టి వాళ్ళ అంకె ఎప్పుడూ రెండు మూడు పాయింట్లు తక్కువుండేది. ఎప్పుడు చూసినా అదే తేడా. ఏ ఏడాది చూసినా, ఏ నెల చూసినా, పండగ రోజు చూసినా, తుపాను మర్నాడు చూసినా. వంద తేదీలు అయ్యేసరికి ఆయన గుండె నెమ్మదించింది. రెండొందలయ్యేసరికి నిద్ర ముంచుకొచ్చింది. శ్రీరామ్మూర్తి టీ తెప్పించాడు.

“ఇంక సాలమ్మా,” అన్నాడు హిమబిందుతో. “ఈ మనిషి రోజూ ఎల్లేడు. మా వోళ్ళే ఆదోరాలు కొన్ని ఎగ్గొట్టేరు, సూడండి, ఖాళీలున్నాయి.”

తిరుగు బస్సులో సీటు దొరికింది. గోనెసంచులు కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. ఎడమ పక్క సముద్రం, కనుచూపు మేర ఒక్క తెరచాప లేదు. టిక్కెట్లు తీసుకున్నాక హిమబిందు అంది.

“మీరు చెప్పకపోయుంటే నాకు తెలిసేదే కాదు.”

“తెలకపోతే బాగున్ను అనిపించలేదా మేడమ్?”

“అనిపించింది. రెండు రోజులు.” కిటికీ వైపు తిరిగింది. “అందుకే మీతో మాట్లాడలేదు.”

మద్దిలపాలెం వచ్చేలోపు చలమయ్య కూర్చున్న చోటే నిద్రపోయాడు. ఆమే లేపింది.

తేలింది ఇంత. రెండువేల మూడు నుంచి ఉన్న అంకెలను నమ్మొచ్చన్నారు. అంతకు ముందువి పక్కన పెట్టారు, సరిచూడ్డానికి ఇంకో లెక్క లేదు గనక. ముప్పై ఏళ్ళ రికార్డు ఇరవై ఒక్కేళ్ళకు దిగింది. మిగతా ఏళ్ళకు శాటిలైటు అంకెలనే సర్దుకోవాల్సి వచ్చింది. చల్లగా మిగిలిన ఒడ్డు మీద రాయబోయిన పేపరు ఆగిపోయింది. ఆ ఏడాది వడగాడ్పు మాత్రం లెక్కకెక్కింది. ఏప్రిల్ తొమ్మిది నుంచి మే ఇరవయ్యారు దాకా, నలభై ఎనిమిది రోజులు. చలమయ్య కాంట్రాక్టు సెప్టెంబరుతో ఆపేసి, జెట్టీకి యంత్రం బిగిస్తామని పైనుంచి కాగితం వచ్చింది. తిరుమలరావు ఆ కాగితం చదివి వినిపించి, “ఇంతకన్నా నేను చేయలేకపోయాను,” అన్నాడు. ఆయన ముఖం చూస్తే ఏదో కొంత చేసే ఉంటాడనిపించింది.

ఆఖరి వారంలో హిమబిందు తొంభై ఎనిమిది పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. తప్పుడు అంకెలు చెరిపెయ్యకూడదు, కొట్టేసి సంతకం చెయ్యాలి, అది పద్ధతి అంది. చలమయ్య కళ్ళజోడు పెట్టుకుని ఎర్రకలంతో మొదలుపెట్టాడు. రోజుకు రెండు అంకెలు, నలభై మూడు రోజులు, ఎనభై ఆరు గీతలు, ఎనభై ఆరు పొట్టి సంతకాలు. పదో రోజు దగ్గర కాస్త ఆగి, మళ్ళీ సాగించాడు. మే ఇరవై మూడు దగ్గర మాత్రం కలం పైకెత్తాడు.

“ఈ పక్కన రాసుకోవచ్చా?”

ఆమె ఆలోచించింది. “పెన్సిల్‌తో రాయండి. లెక్కలోకి రాదు. ఉండనివ్వండి.”

ఆయన పెన్సిలు తీసుకుని చిన్న అక్షరాలతో రాశాడు. చూసినది 31.2. భార్య ఆసుపత్రిలో. గంజి తాగింది.

ఇప్పుడు చలమయ్య ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. కుర్చీ ఇచ్చారు, నీడ ఉంది, మోకాళ్ళకు కొంచెం సుఖం. ఆ ఏడాది వడగాడ్పు మీద హిమబిందు రాసిన పేపరు మరుసటి ఏడాది వచ్చింది. చివర్లో కృతజ్ఞతలు చెప్పిన చోట ఆయన పేరుంది. ఆమె ఆ పేజీ తెచ్చి ఇస్తే ఇంట్లో కుట్టుమిషను సొరుగులో పెట్టారు. ఇంగ్లీషు గనక ఇంద్రజ చదివి చెప్పింది. చదువుతున్నంతసేపు గౌరీశ్వరి మిషను ఆపి వింది.

ఆయన మళ్ళీ జెట్టీకి వెళ్ళలేదు. ఒక ఆదివారం గౌరీశ్వరి బీచికి పోదామని అడిగితే, కాళ్ళు లాగుతున్నాయి, ఇంకోసారి ఎల్దామన్నాడు. ఆమె సరేనని బియ్యం ఏరుకోడానికి కూర్చుంది.